‘గాలి గట్టిగా పీల్చు’ – ఒక ఉపదేశంపై విమర్శ

ఊపిరి తీయడం ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదు. పుట్టిన బిడ్డ తొలి ఏడుపుతోనే ఆ విద్య పూర్తి చేస్తుంది. అయినా మన ఇళ్ళలోను, బళ్ళలోను, ఉదయపు నడక మైదానాల్లోను ఊపిరిని గురించి వినబడే ఉపదేశాలకు లెక్క లేదు. వాటన్నిటిలో ఎక్కువగా వినిపించేది ఒక్కటే: ‘గాలి గట్టిగా పీల్చు.’

తూర్పు హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మెట్లు దిగి ఒక్కసారి చుట్టూ చూడండి. బస్సుల డిపో, బట్టల దుకాణాలు, పోటీ పరీక్షల శిక్షణాలయాల బోర్డులు కనిపిస్తాయి. చైతన్యపురి, కొత్తపేట సందుల్లో అంతస్తు మీద అంతస్తుగా హాస్టళ్ళు ఉన్నాయి. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు విద్యార్థులు ఉంటారు. పరీక్ష ముందురోజు రాత్రి గుండె దడదడలాడుతున్న కుర్రవాడికి పక్క మంచం మీది మిత్రుడు చెప్పే మాట ఇదే: ‘భయపడకురా, నాలుగుసార్లు గట్టిగా గాలి పీల్చు.’ అక్కడి నుండి ఎల్‌బి నగర్ చౌరస్తా వైపు వెళ్ళితే, తెల్లవారుజామున పెద్ద రోడ్డు అంచున చేతులు చాచి, రొమ్ము విరిచి, గాలి బలంగా పీలుస్తూ నడిచే పెద్దలు కనిపిస్తారు. కుర్రవాడికైనా పెద్దలకైనా అందిన ఉపదేశం ఒక్కటే. మంచి మనసుతో చెప్పేదే, కాదనడం లేదు. కాని మంచి మనసుతో చెప్పినంత మాత్రాన ఏ మాటా శాస్త్రం కాజాలదు. ఈ ఉపదేశంలో నిజం ఎంత, పొరపాటు ఎంత అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

పీల్చినదంతా ఒంటికి పడుతుందా?

ఉపదేశానికి ఆధారమైన భావం ఇది: ఎక్కువ గాలి పీల్చితే ఎక్కువ ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్, రక్తంలోకి చేరుతుంది, ఎక్కువ ఆక్సిజన్ చేరితే మెదడు చురుకుగా పనిచేస్తుంది. వినడానికి సమంజసంగానే ఉన్నది. లెక్క వేసి చూస్తేనే లోపం బయటపడుతుంది.

మనం లోనికి తీసుకునే గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్ళు. బయటికి వదిలే గాలిలో ఇంకా 16 పాళ్ళు మిగిలే ఉంటుంది. అంటే లోపలికి వచ్చిన ఆక్సిజన్‌లో నాలుగింట మూడు వంతులు వాడుకోకుండానే తిప్పి పంపుతున్నాం. ఆరోగ్యవంతుని ధమనుల రక్తంలోని హిమోగ్లోబిన్ ఊరక కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్‌తో నూటికి 95 పాళ్ళకు మించే నిండి ఉంటుంది. నిండిన కుండలో మరికొన్ని నీళ్ళు పోస్తే పొర్లిపోవడమే గాని, కుండ పెద్దది కాదు. కాబట్టి కూర్చున్న మనిషి ఎంత గట్టిగా పీల్చినా రక్తంలో కొత్తగా చేరే ఆక్సిజన్ బహు స్వల్పం.

ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా పెరగదు, సరే. మరి తగ్గేదేమిటి? కార్బన్ డై ఆక్సైడ్. దాన్ని మనం పారవేయవలసిన చెత్తగానే పిల్లలకు పరిచయం చేస్తాం. ఇది సగం నిజం. మనం ఎంత వేగంగా, ఎంత లోతుగా ఊపిరి తీయాలో మెదడుకు ముఖ్యంగా తెలియజేసేది ఆ వాయువే. బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రజ్ఞులు హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లోనే ఈ సంగతి ప్రయోగపూర్వకంగా చూపించారు. రక్తంలో ఆ వాయువు ఉండవలసినంత ఉండాలి. అవసరం లేకుండా వేగంగా, గట్టిగా ఊపిరి తీస్తే అది తగ్గిపోతుంది. అప్పుడు మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తిరుగుతుంది, వేళ్ళు, పెదవుల చుట్టూ చిమచిమలాడతాయి, గుండె మరింత దడదడలాడుతుంది. పరీక్ష భయంతో అప్పటికే వేగంగా ఊపిరి తీస్తున్న హాస్టలు కుర్రవాడికి ‘గట్టిగా పీల్చు’ అని చెబితే అతని భయం తగ్గకపోగా ఒళ్ళు మరింత భయపడుతుంది. మందు అనుకున్నదే రోగాన్ని పెంచినట్టవుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైన సందర్భం మరొకటి ఉన్నది. సెలవులకు ఊరు వెళ్ళిన పిల్లలు బావిలోనో చెరువులోనో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పందాలు వేసుకుంటారు. మునిగేముందు పది ఇరవైసార్లు గబగబ గాలి పీల్చితే ఎక్కువసేపు ఉండవచ్చునని వారి నమ్మకం. ఉండగలుగుతారు కూడా. ఎందుకంటే, ఊపిరి తీయాలనే తహతహను పుట్టించే కార్బన్ డై ఆక్సైడ్ ముందే తగ్గిపోయింది. హెచ్చరిక గంట మోగదు, లోపల ఆక్సిజన్ మాత్రం అయిపోతూనే ఉంటుంది. తహతహ పుట్టకముందే స్పృహ తప్పుతుంది. నీటి అడుగున స్పృహ తప్పడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ ఒక్క విషయాన్ని ప్రతి ఉపాధ్యాయుడు వేసవి సెలవులకు ముందు తరగతిలో చెబితే చాలు, ఏ ఇంటిలోనో ఒక దుఃఖం తప్పుతుంది.

ఒక చిన్న లెక్క

అయితే లోతైన ఊపిరిలో అసలు మేలు లేదా? ఉన్నది. కాని ఆ మేలు గట్టిగా పీల్చడంలో లేదు, నిదానంలో ఉన్నది. దీనిని నల్లబల్ల మీద వేసి చూపించవచ్చును.

ఊరక కూర్చున్న పెద్దవాడు ఒక్కొక్క ఊపిరిలో సుమారు 500 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటాడు. ఇందులో సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే నిలిచిపోయి తిరిగి వస్తుంది. అది వాయుగోణులదాకా చేరదు, అంటే దారిఖర్చు. ఇప్పుడు ముగ్గురు మనుషులను ఊహించండి. ముగ్గురూ నిమిషానికి 6 లీటర్ల గాలే తీసుకుంటారు. మొదటివాడు 250 మిల్లీలీటర్ల చొప్పున 24 సార్లు, రెండవవాడు 500 చొప్పున 12 సార్లు, మూడవవాడు 1,000 చొప్పున 6 సార్లు. ప్రతి ఊపిరికి 150 దారిఖర్చు తీసివేయండి. మొదటివానికి 100 చొప్పున 24 సార్లు, అంటే 2,400 మిల్లీలీటర్లు మాత్రమే పని చేసే చోటికి చేరుతుంది. రెండవవానికి 4,200. మూడవవానికి 5,100. గాలి అంతే, శ్రమ కూడా పెద్దగా పెరగలేదు, ఫలితం మాత్రం రెట్టింపుకన్న ఎక్కువ. గబగబ, పైపైన తీసే ఊపిరి ఎందుకు దండుగో ఈ లెక్క చెబుతుంది. గబగబ, గట్టిగా తీసే ఊపిరి ఎందుకు తప్పో పైన చూశాం. మిగిలినది నెమ్మదిగా, తొందర లేకుండా తీసే ఊపిరి.

నెమ్మదిగా తీసే ఊపిరికి గుండెతో కూడ సంబంధం ఉన్నది. మణికట్టు వద్ద నాడి పట్టుకొని నిదానంగా ఊపిరి తీసి చూడండి. లోనికి తీసేటప్పుడు నాడి కొంచెం వేగమవుతుంది, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిస్తుంది. చిన్నవయసువారిలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. కనుక భయపడిన విద్యార్థికి చెప్పవలసిన మాట ‘గట్టిగా పీల్చు’ కాదు, ‘నెమ్మదిగా వదులు’. 2001లో బ్రిటిష్ వైద్యపత్రికలో ఒక ఆసక్తికరమైన పరిశోధన వెలువడింది. ఇటలీలో 23 మంది ఆరోగ్యవంతులచేత క్రైస్తవ జపమాల ప్రార్థనను, ఒక యోగమంత్రాన్ని పఠింపజేసి పరీక్షించారు. రెండిటిలోను వారి ఊపిరి తనంతట తానే నిమిషానికి సుమారు 6 సార్లకు దిగింది. గుండె, రక్తపోటుల లయలు దానితో కలిసి నడిచాయి. మంత్రం ఏదైనా, పనిచేసినది దాని నిడివి. ఆ లెక్కన మన తెలుగు తరగతిలో పద్యాన్ని పాదం విరగకుండా, రాగయుక్తంగా చదివించడం కూడా ఒక మంచి ఊపిరి సాధనే అనుకోవచ్చును.

రొమ్ము విరిచి, కడుపు బిగించి

మన బళ్ళలో ఒక విచిత్రమైన వైరుధ్యం ఉన్నది. సామాన్యశాస్త్రం తరగతిలో ఉపాధ్యాయుడు గంటజాడీ, రెండు బుడగలు, అడుగున రబ్బరు పొర తెచ్చి ప్రయోగం చూపిస్తాడు. రబ్బరు పొరను కిందికి లాగితే బుడగలు ఉబ్బుతాయి. ఆ పొరయే ఉదరవితానం, అది కిందికి దిగితేనే ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది అని చెబుతాడు. అది విని మైదానంలోకి వచ్చిన పిల్లలకు వ్యాయామం గంటలో వినబడేది: ‘రొమ్ము ముందుకు, కడుపు లోపలికి!’ కడుపు బిగిస్తే ఉదరవితానం కిందికి ఎట్లా దిగుతుంది? ఒక గంటలో నేర్పిన దానిని మరొక గంటలో చెరిపివేస్తున్నాం.

కవాతులో నిటారుగా నిలబడటం తప్పు కాదు. దానినే ఊపిరి పద్ధతి అనుకోవడం తప్పు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊపిరిలో పెద్దపని ఉదరవితానానిది. పక్కటెముకలు దానికి తోడు. మెడ కండరాలు, భుజాలు పరుగు వంటి కష్టసమయాల్లో మాత్రమే సాయానికి రావాలి. శిక్షణాలయాల బల్లల మీద గంటల తరబడి ముందుకు వంగి కూర్చున్న విద్యార్థిలో పొట్ట నొక్కుకుపోయి, ఊపిరి పైపైనే ఆడుతూ ఉంటుంది. గంటకొకసారి లేచి, వెన్ను చాపి, నాలుగడుగులు నడవడం ఏ పేరుపొందిన సాధనకూ తీసిపోదు.

ముక్కును గురించి ఒక మాట. ముక్కు గాలిని వెచ్చబరుస్తుంది, తడి చేస్తుంది, పెద్ద దుమ్మును పట్టి ఆపుతుంది. నోటికి ఈ పనులు అంతగా చేతకావు. కనుక ముక్కుతో ఊపిరి తీయమనడం సరియైన ఉపదేశమే. కాని ఎప్పుడూ నోరు తెరిచే ఉండే పిల్లవాణ్ణి ‘నోరు ముయ్యి’ అని గద్దించడం ఉపదేశం కాదు. ముక్కు దిబ్బడ, అలర్జీ, ముక్కు వెనుక పెరిగిన గ్రంథులు అతని ముక్కును మూసివేసి ఉండవచ్చును. అతనికి కావలసినది మందలింపు కాదు, వైద్యుని పరీక్ష.

తెల్లవారుజాము గాలి

ఇప్పుడు ఎల్‌బి నగర్ చౌరస్తాకు వద్దాం. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రహదారి, ఇన్నర్ రింగురోడ్డు కలిసే చోటు ఇది. ‘ఉదయపు గాలి స్వచ్ఛం’ అనే మాట పల్లెలో పుట్టింది. రాత్రంతా లారీలు, బస్సులు నడిచే రహదారి పక్కన దానిని కళ్ళు మూసుకొని అప్పజెప్పరాదు. చలికాలంలో నేల చల్లబడి, దానినంటిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి కిందనే ఉండిపోతుంది. పైన వెచ్చని గాలి మూతవలె ఉంటుంది. రాత్రి పొగ, దుమ్ము ఆ మూత కింద చిక్కుకుంటాయి. ఎండ వచ్చి నేల వేడెక్కాక గాని అవి పైకి లేచి చెదరవు. అంటే చలికాలపు తెల్లవారుజాము, కొన్నిచోట్ల, రోజంతటిలోను మురికి గాలి ఉండే వేళ కావచ్చును.

ఈ గాలిలో మనకు ముఖ్యశత్రువు కంటికి కనబడే దుమ్ము కాదు. మీటరులో పదిలక్షవ వంతు మైక్రాన్. తలవెంట్రుక మందం సుమారు 50 నుండి 70 మైక్రాన్లు. 2.5 మైక్రాన్లు, అంతకన్న చిన్నవైన కణాలు ముక్కును దాటి, వాయుగోణులదాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ కణాల సంవత్సరపు సగటుకు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములను హద్దుగా సూచించింది. మన దేశం 2009లో నిర్ణయించిన హద్దు 40. ఇక మన శ్వాస లెక్క చూడండి. కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుండి 8 లీటర్ల గాలి తీసుకుంటే, వేగంగా నడిచేవాడు 20, 30 లీటర్లు తీసుకుంటాడు. రోడ్డు పక్కన రొమ్ము విరిచి గట్టిగా గాలి పీల్చేవాడు ఆరోగ్యంతోబాటు పొగను కూడా అన్ని రెట్లు కొనుక్కుంటున్నాడు. నడక మానమని దీని అర్థం కాదు. అదే నడక లోపలి వీధుల్లోనో, సరూర్‌నగర్ చెరువు వైపో, మైదానంలోనో, ఎండ కాస్త పొడుచుకువచ్చాక సాగితే లాభమే అంతా. రుమాలు అడ్డం పెట్టుకుంటే చాలుననుకోవడమూ పొరపాటే. ఇంత చిన్న కణాలను గుడ్డ ఆపలేదు.

ఇంటిలోని గాలి ఇంతకన్న మేలని అనుకోనక్కరలేదు. కిటికీలు బిగించిన హాస్టలు గదిలో రాత్రంతా కాలే దోమల చుట్ట సంగతి చూడండి. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఒక్క చుట్ట నుండి వెలువడే సూక్ష్మకణాలు 75 నుండి 137 సిగరెట్లు కాల్చితే వెలువడేవాటికి సమానం. ఆ గదిలో తెల్లవారి లేచి ప్రాణాయామం చేసేవానికి చెప్పవలసిన మొదటి ఆసనం కిటికీ తెరవడం, చుట్ట మాని దోమతెర కట్టుకోవడం.

మంచిమాటను మరీ పెద్దది చేస్తే

‘పోనీ, చిన్న ఉపదేశం, దానిపై ఇంత విమర్శ ఎందుకు?’ అని అడగవచ్చును. దీనికి ఈ నగర చరిత్రలోనే సమాధానం ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని అఫ్జల్‌గంజ్‌లో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం సంఘాలు పనిచేశాయి. నిజాం ప్రభుత్వ వ్యయంతో వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం మత్తులో ముందు ఆగేది ఊపిరే గాని గుండె కాదు. కనుక వైద్యుడు ఊపిరినే కనిపెట్టి ఉండాలి, నాడి చూడనక్కరలేదు అని తీర్మానించారు. ‘ఊపిరిని కనిపెట్టి ఉండు’ అన్నది నేటికీ నిలిచిన మంచి పాఠం. ‘నాడి చూడనక్కరలేదు’ అన్నదే తప్పు. క్లోరోఫారం వల్ల గుండె హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు తేల్చాయి. నిజమైన ఒక మాటను, అదొక్కటే నిజమన్నంత పెద్దది చేయడం వల్ల వచ్చిన పొరపాటు అది.

ఊపిరి విషయంలో నేడు మనం చేస్తున్నదీ అదే. నిదానపు ఊపిరి మనసుకు నెమ్మదినిస్తుంది. ఇది నిజం. అది ఉబ్బసాన్ని పోగొడుతుందని, మందు మాన్పిస్తుందని చెప్పడం నిజాన్ని హద్దు దాటించడం. ఉబ్బసంలో శ్వాసనాళికల గోడలు వాచి, ఇరుకవుతాయి. అది ఊపిరి తీయడం చేతకానితనం కాదు. ‘పీల్చే మందు అలవాటైపోతుంది’ అనే భయంతో దానిని బిడ్డకు దూరం చేసి, సాధనలు మాత్రమే చేయించే తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. వైద్యుడు చెప్పిన మోతాదులో పీల్చే మందు ప్రాణం కాపాడే సాధనం. ఆయాసంతో మాట పూర్తిచేయలేని పిల్లవాణ్ణి, పెదవులు నీలమైన పిల్లవాణ్ణి, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్న పిల్లవాణ్ణి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అప్పుడు ఉపదేశానికి సమయం లేదు.

మరొక హద్దు కూడా ఉన్నది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021–22లో బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో 2022లో ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మార్కెట్టుకు వచ్చే లారీల పొగ కొత్తపేట వీధులను విడిచిపోయిందంటే అది ఎవరి ప్రాణాయామఫలమూ కాదు, ఒక పరిపాలనా నిర్ణయ ఫలం. ఆ పొగ మాయం కాలేదు, బాటసింగారం దారి పట్టింది. అదీ మరువరాదు. ఊపిరి నా సొంతం, గాలి అందరిదీ. ఊపిరి పాఠం చెప్పి గాలి సంగతి దాటవేస్తే, తప్పంతా పీల్చేవాని మీదకు నెట్టినట్టవుతుంది.

తరగతిలో చేయదగినది

కనుక ఈ ఉపదేశాన్ని తీసివేయనక్కరలేదు, దిద్దుకోవాలి. ఒక్క వారంలో, ఖర్చు లేకుండా, ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఇట్లా దిద్దుకోవచ్చును. మొదటిరోజు ప్రతి విద్యార్థి, కూర్చున్నప్పుడు ఒకసారి, మెట్లెక్కి వచ్చాక ఒకసారి, పక్కవాని ఊపిరులు నిమిషంపాటు లెక్కపెట్టాలి. ఎవరి ఊపిరి వారు లెక్కపెడితే లెక్క చెడుతుంది, తెలిసి తీసే ఊపిరి మారుతుంది గనుక. విశ్రాంతిలో 12 నుండి 20 దాకా రావచ్చును. రెండవరోజు ఒక చెయ్యి రొమ్ము మీద, ఒకటి పొట్ట మీద పెట్టి ఏది ముందు కదులుతున్నదో గమనించాలి. మూడవరోజు సున్నపు తేటలోకి గొట్టంతో ఊది, అది పాలవలె మారడం చూడాలి. ఊదడమే గాని పీల్చరాదు. నాల్గవరోజు పైన చెప్పిన ముగ్గురు మనుషుల లెక్క చేయాలి. ఐదవరోజు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ‘సమీర్’ ఆప్‌లో దగ్గరలోని కేంద్రం చూపే వాయునాణ్యత సూచిక చూసి నల్లబల్ల మీద రాయాలి. 50 లోపు ఉంటే మంచిది. 200 దాటితే ఆరుబయట పరుగుపందాలు ఆనాటికి మానవచ్చును.

ఈ ఐదురోజులు గడిచాక విద్యార్థికి ‘గాలి గట్టిగా పీల్చు’ అని చెప్పవలసిన పని ఉండదు. ముక్కుతో, నిదానంగా, పొట్ట వదులుగా, వదిలేటప్పుడు మరింత నెమ్మదిగా తీయాలని అతడే చెబుతాడు. అంతటితో ఆగక, ‘ఈ గాలి ఇట్లా ఎందుకున్నది?’ అని కూడా అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం పెద్దలమైన మనది.